నల్ల చిరుతను చిరుతగానే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

నల్ల చిరుతను వేరే జాతి జంతువుగా రాసే అలవాటు మన వార్తల్లో ఇంకా పోలేదు. అది మామూలు చిరుతే. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక అంతర్గత జన్యువు (జంటగా ఉంటేనే ప్రభావం చూపేది) అందినప్పుడు మెలనిన్ అనే నల్లరంగు పదార్థం పెరిగి ఒళ్లు నల్లబడుతుంది. అదే ఈతలో పసుపు పిల్లలూ పుట్టవచ్చు. కర్ణాటకలోని కబిని అడవిలో తీసిన ఫొటోలు చూడండి: ఏటవాలు ఎండలో ఆ నలుపు మీద గుండ్రటి మచ్చలు, నల్లపట్టుపై నల్లదారంతో కుట్టినట్టు, తేలి కనిపిస్తాయి.

కాబట్టి దానికి విడిగా సంరక్షణ హోదా లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య చిరుతను ముప్పునకు లోనయ్యే జాతుల్లో చేర్చింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కింద అత్యున్నత రక్షణ ఉంది. 2022 అంచనాలో దేశంలో చిరుతలు 13,874 అని తేలింది. ఈ అంకె చూసి నిశ్చింతగా ఉండలేం. చర్మం కోసం వేట, అడవిని చీల్చే రహదారులు, తగ్గిపోతున్న జింకలు అలాగే ఉన్నాయి.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పొలం గట్టున బిగించే ఉచ్చు. అడవిపంది కోసం పెట్టిన తీగ చిరుత నడుముకు బిగుసుకుంటే, పెనుగులాడేకొద్దీ లోతుగా కోస్తుంది. పందులు పాడుచేసిన పంటకు నష్టపరిహారం సకాలంలో అందితే రైతుకు ఆ తీగతో పని తగ్గుతుంది. నల్లమల అంచు గ్రామాల్లో పంట కోతకు ముందు అటవీ సిబ్బంది గట్ల వెంట నడిచి ఉచ్చులు, కరెంటు తీగలు తొలగించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కర్నూలు