అమెరికా వచ్చే అమ్మానాన్నల కోసం ఒక పేజీ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు మొదలయ్యే సరికి మీ ఆదివారం సంచికలో అమెరికా యాత్రల వ్యాసాలు వస్తాయి. గ్రాండ్ కేనియన్, ఎల్లోస్టోన్, నయాగరా. ఫొటోలు బాగుంటాయి, నేనూ ఆసక్తిగా చదువుతాను. కానీ అవన్నీ వారం సెలవు పెట్టి తిరగగలిగిన వాళ్ల కోసం, కొండలెక్కే ఓపిక ఉన్నవాళ్ల కోసం రాసినవి. మే, జూన్ నెలల్లో హైదరాబాద్‌లో విమానమెక్కి పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నల గురించి ఎవరూ రాయడం లేదు. వాళ్లు ఆర్నెల్లు ఉంటారు, అందులో ఐదు నెలలు ఇంట్లోనే. మాకేమో ఆఫీసులు, వాళ్లకేమో ఇక్కడ కారు నడపడం రాదు, వీధిలోకి వెళ్తే పలకరించే మనిషి కనపడడు. ఇక సీరియళ్లు, వాట్సాప్, మనవడు స్కూలు నుంచి ఎప్పుడొస్తాడా అని కిటికీ దగ్గర కుర్చీ. నేను కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ పక్కనున్న అరోరాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నగారు మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి, ఇప్పుడు పది మెట్లు ఎక్కాలన్నా మధ్యలో ఆగాల్సిందే. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు మేం చేసిన తప్పు ముందు చెప్తాను, ఎందుకంటే అదే తప్పు ఇక్కడి మనవాళ్లు చాలామంది చేయడం చూస్తున్నాను.

ఆయన దిగిన మూడో రోజే, జులై 4 సెలవులు కలిసొచ్చాయని, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాం. అక్కడ ట్రయిల్ రిడ్జ్ రోడ్ అని ఒక రోడ్డుంది. 48 మైళ్ల పొడవు, ఎత్తైన చోట 12,183 అడుగులు. చెట్లు సుమారు 11,400 అడుగుల దగ్గరే ఆగిపోతాయి, ఆ పైన గడ్డి, రాళ్లు, జులైలో కూడా అక్కడక్కడ మంచు. చాలాచోట్ల రోడ్డు అంచున గోడ గానీ రెయిలింగ్ గానీ ఉండదు. నాన్న ముందు సీట్లో కూర్చుని మా ఆయనకి "గేరు తగ్గించి దిగండి బాబూ, బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కిపోతుంది" అని దారంతా చెప్తూనే ఉన్నారు. ఆయన అంత హుషారుగా ఉండటం చూసి మాకు సంబరం. పైన విజిటర్ సెంటర్ దగ్గర కారు దిగి పది అడుగులు వేశారో లేదో ఊపిరి అందలేదు, తల పగిలిపోతోందన్నారు, తెచ్చుకున్న పులిహోర రెండు ముద్దలు తిని వాంతి చేసుకున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్కడున్న రేంజర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ఈ రాష్ట్రానికి వచ్చి ఎన్ని రోజులైందని. మూడు రోజులంటే, ఇంకేమీ ఆలోచించకుండా వెంటనే కిందికి తీసుకెళ్లండి, దీనికి మొదటి మందు దిగిపోవడమే అంది. ఏడున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్న ఎస్టెస్ పార్క్ ఊరికి వచ్చేసరికి ఆయన ముఖంలో రంగు తిరిగొచ్చింది. ఆ గంట ప్రయాణంలో నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఎత్తుకి పోతే గాలి పలచబడి ఒంట్లో ఇలా అవుతుందని మనవాళ్లకి ఎందుకు తట్టదో కూడా చెప్తాను. మనకి కొండంటే తిరుమల, అరకు, మహా అయితే హార్స్‌లీ హిల్స్. అది నాలుగు వేల అడుగుల పైచిలుకు, మనకి బాగా ఎత్తున్నట్టు లెక్క. డెన్వర్ నగరం చదునుగా, విశాలమైన రోడ్లతో, కొండ అనే పోలికే లేకుండా ఉంటుంది, కానీ అది 5,280 అడుగుల ఎత్తులో ఉంది. అంటే విమానం దిగి ఇంటి సోఫాలో కూర్చున్నప్పుడే మన పెద్దవాళ్లు హార్స్‌లీ హిల్స్ కంటే పైన ఉన్నారు. వచ్చాక కనీసం రెండు మూడు రోజులు ఇంటి పట్టునే ఉండనివ్వాలి, నీళ్లు బాగా తాగించాలి, తర్వాత ఏడెనిమిది వేల అడుగుల చోటికి ఒకసారి వెళ్లొచ్చి, అప్పుడు ఇంకా పైకి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు బయల్దేరకముందే అక్కడి డాక్టర్‌ని అడిగి రావాలి. తలనొప్పి, వికారం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వస్తే "కాసేపు కూర్చుంటే తగ్గుతుందిలే" అనొద్దు, కారు తిప్పేయండి.

ఇక డబ్బు సంగతి. 2026 జనవరి నుంచి రాకీ మౌంటెన్‌తో కలిపి పదకొండు పేరున్న నేషనల్ పార్కుల్లో, అమెరికాలో నివాసం లేని విదేశీయులకు, 16 ఏళ్లు దాటితే మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు. వార్షిక పాస్ తీసుకుందామన్నా వాళ్లకి 250 డాలర్లు. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు ఈ లెక్కలోకే వస్తారు. 62 ఏళ్లు దాటినవాళ్లకి చవగ్గా ఇచ్చే సీనియర్ పాస్ పౌరులకీ గ్రీన్ కార్డు వాళ్లకీ తప్ప ఇవ్వరు. ఇద్దరు పెద్దవాళ్లని ఒక్క పూట తీసుకెళ్లడానికి అదనంగా 200 డాలర్లంటే, రూపాయల్లోకి మార్చి చూసుకునే మా అమ్మలాంటి వాళ్లు "మేం కారులో కూర్చుంటాం, మీరు చూసి రండి" అనేస్తారు. అంటుంది కూడా.

కానీ కొండలు ఆ ఒక్క పార్కులోనే లేవు కదా. కొలరాడోలో నలభైకి పైగా స్టేట్ పార్కులు, అంటే రాష్ట్రమే నడిపే పార్కులు ఉన్నాయి, వాటి గురించి మన తెలుగు ఇళ్లలో మాట్లాడుకోవడమే తక్కువ. స్టేట్ పార్కులో కారుకి ఇంత అని తీసుకుంటారు, లోపల ఎవరు కూర్చున్నారో, ఏ దేశం నుంచి వచ్చారో అడగరు. 2023 నుంచి ఇక్కడ కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకునేటప్పుడు బిల్లులోనే 29 డాలర్లు పార్కు పాస్‌కని కలిపి వస్తోంది. వద్దనుకుంటే తీసేయొచ్చు. మనవాళ్లు కొందరు అదేంటో చూడకుండా తీసేస్తారు, కొందరు చూడకుండానే కట్టేసి ఏడాదంతా ఒక్కసారీ వాడుకోరు. ఆ 29 డాలర్లతో ఏడాది పొడవునా అన్ని స్టేట్ పార్కుల్లోకీ ఆ కారులో వెళ్లొచ్చు. ఆ సొమ్ములో కొంత, కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికి తెచ్చే వాలంటీర్ల దళాలకి వెళ్తుంది. అదీ కట్టలేం, ఇప్పుడే చదువుకోవడానికొచ్చాం అనే విద్యార్థులకి ఇంకో దారి ఉంది. ఇక్కడి పబ్లిక్ లైబ్రరీల్లో పుస్తకం ఇచ్చినట్టే ఒక బ్యాగు ఇస్తారు, అందులో పార్కు పాస్, బైనాక్యులర్స్, జంతువుల్నీ చెట్లనీ గుర్తుపట్టే పుస్తకాలు ఉంటాయి. వారం వాడుకుని తిరిగిచ్చేయాలి. పైసా ఖర్చు లేదు. కొలరాడో స్ప్రింగ్స్ నగరంలోని గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ అనే ఎర్రరాళ్ల పార్కుకైతే అసలు టికెట్టే లేదు. 1909లో ఆ భూమి ఇచ్చిన కుటుంబం, దాన్ని ఎప్పటికీ ఉచితంగానే ఉంచాలని షరతు పెట్టి నగరానికిచ్చింది.

డెన్వర్‌కి దక్షిణాన రాక్స్‌బరో స్టేట్ పార్కులో ఏటవాలుగా లేచి నిలబడ్డ ఎర్రరాళ్ల మధ్య దాదాపు చదునుగా ఉండే దారుంది, మా అమ్మ అందులో నెమ్మదిగా ఒక చుట్టు పూర్తిచేసింది. గోల్డెన్ గేట్ కేనియన్ స్టేట్ పార్కులో పనోరమా పాయింట్ అనే చోట కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మంచు కొండల వరస కనుచూపు మేర కనిపిస్తుంది. సెప్టెంబర్ చివర్లో అక్కడి ఆస్పెన్ చెట్లు పసుపు ముద్దలా అయిపోతాయి. ఆ ఆకులు రావి ఆకుల్లాగే గాలి ఉందో లేదో తెలియనంత గాలికే గలగలమంటాయి, నాన్న కళ్లు మూసుకుని విని మా ఊరి రచ్చబండ దగ్గర ఉన్నట్టుందమ్మా అన్నారు. రిటర్న్ టికెట్ వీలైతే అక్టోబర్‌కి పెట్టమని అందరికీ చెప్తుంటాను.

అన్నిటికంటే చెప్పాల్సింది స్టాంటన్ స్టేట్ పార్కు గురించి. డెన్వర్‌కి నైరుతిగా గంట దూరం, ఎనిమిది వేల నుంచి పదివేల అడుగుల ఎత్తు. ఒకామె తన కుటుంబ భూమి 1,720 ఎకరాలు 1986లో రాష్ట్రానికి రాసిచ్చేస్తే, 2013లో అది పార్కుగా తెరుచుకుంది. అక్కడ ట్రాక్ చెయిర్ అని ఒక బ్యాటరీ కుర్చీ ఉంది. చక్రాలకి బదులు ట్యాంకుకి ఉన్నట్టు గొలుసు పట్టీలు, రాళ్ల మీద, వేళ్ల మీద, బురదలో కూడా వెళ్తుంది. నడవలేని వాళ్లెవరైనా ముందుగా బుక్ చేసుకుంటే చాలు, పార్కు ప్రవేశం తప్ప అద్దె తీసుకోరు, వాలంటీరు ఒకరు తోడొస్తారు. రెండోసారి నాన్న వచ్చినప్పుడు, ఈసారి మూడు వారాలు ఆగి, తీసుకెళ్లాం. మొదట ఆయన ఒప్పుకోలేదు. నేనేమైనా అవిటివాణ్ణా, ఆ కుర్చీలో కూర్చుంటే నలుగురూ చూస్తారు అన్నారు. నడిపించడానికి ఒక చిన్న కర్ర ఉంటుంది, చేత్తో అటూ ఇటూ అంటే తిరుగుతుంది. వాలంటీరు పెద్దాయన దాన్ని చూపించి, రివర్స్ ఎలాగో చెప్తుండగానే నాన్న దాన్ని వెనక్కి తీసి, మలుపు తిప్పి, దారిలోకి పెట్టేశారు. ఆ పెద్దాయన నా వైపు చూసి ఈయన ఏం పని చేసేవారని అడిగాడు.

రెండున్నర గంటలు అడవిలో తిరిగాం. పైన్ చెట్ల బెరడు దగ్గరికెళ్లి వాసన చూశారు, వెనిలా వాసన వస్తుందని వాలంటీరు చెప్తే నమ్మలేదు, నిజంగానే వచ్చింది. చెరువు దగ్గర ఆగి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నల్లమల మీదుగా అన్నేళ్లు బస్సు నడిపానమ్మా, ఒక్కరోజు కూడా దిగి ఆ అడవిలో నడవలేదు. టైముకి డిపో చేరడమే సరిపోయింది. ఇప్పుడు నడుద్దామంటే కాళ్లు లేవు." నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మన రెండు రాష్ట్రాల అటవీశాఖల వాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, నల్లమలలో ఒక్క చోటైనా మోకాళ్లు అరిగిపోయినవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు చెట్ల మధ్యకి వెళ్లగలిగే దారి ఒకటి వేయమని నా విన్నపం. గొలుసు కుర్చీలే అక్కర్లేదు, గతుకుల్లేని అరమైలు బాట చాలు.

నీళ్ల గురించి రాయకుండా ఆపలేను. మనవాళ్ల పిల్లలు అమెరికాలో జలపాతాల దగ్గర, సరస్సుల్లో మునిగిపోయిన వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం, చదివిన ప్రతిసారీ ఆ ఊళ్లోని తల్లి గుర్తొచ్చి అన్నం సహించదు. ఇక్కడ మే చివర నుంచి జూన్ దాకా కొండల మీద మంచు కరిగి వాగుల్లోకి వస్తుంది. చూడ్డానికి మోకాలి లోతే ఉంటుంది, కానీ ఆ వేగానికి పెద్ద మనిషి కూడా నిలబడలేడు, పైగా ఆ చలికి ఈత వచ్చినవాళ్లకి కూడా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టయి చేతులు ఆడవు. సెల్ఫీ కోసం తడి రాయి మీదికి ఎక్కొద్దు. పడవెక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి, 13 ఏళ్లలోపు పిల్లలకి ఇక్కడ అది చట్టం కూడా. అలాగే జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి పిడుగులు పడతాయి, చెట్లు లేని ఎత్తుల్లో అప్పుడు దాక్కోడానికి చోటుండదు. ఇక్కడివాళ్లు తెల్లవారకముందే బయల్దేరి పన్నెండు లోపు దిగొచ్చేది అందుకే. మనం టిఫిన్లు చేసి, పెరుగన్నం కట్టుకుని, పదకొండుకి బయల్దేరతాం.

ఇంకొకటి, పెద్దవాళ్లకి ఇది నెమ్మదిగా చెప్పాలి. కాకికి ముద్ద పెట్టడం, చీమలకి బియ్యప్పిండి వేయడం మన అలవాటు, అమ్మ కూడా ఉడుత కనిపించగానే చేతిలో ఉన్న జంతిక విరిచి వేయబోయింది. ఇక్కడ అలా పెట్టకూడదు. మనిషి తిండికి అలవాటు పడిన జంతువు సొంతంగా వెతుక్కోవడం తగ్గిస్తుంది, ఎలుగుబంట్లయితే ఇళ్ల మీదికి వస్తాయి, చివరికి వాటిని చంపాల్సి వస్తుంది. ఈ మాట చెప్పాక అమ్మ ఆ ముక్కని మళ్లీ డబ్బాలో పెట్టేసింది, ఇంకెప్పుడూ వేయలేదు.

సంపాదకులు గారూ, మీరు ఒక్క పేజీ ఇవ్వండి. కొలరాడో ఒక్కటే కాదు, యూటా, వాషింగ్టన్ లాంటి కొండ రాష్ట్రాల్లో ఉన్న మీ పాఠకులు, తమ అమ్మానాన్నలతో వెళ్లొచ్చిన చోట్ల గురించి రాస్తారు. ఎంత ఎత్తు, ఎంత నడక, బాత్రూం ఎంత దూరం, కూర్చోడానికి బెంచీ ఉందా, ఇవి రాయమనండి. ఫొటోలు తక్కువైనా పర్లేదు. ఏప్రిల్‌లోపు వేస్తే, సూట్‌కేసులో ఆవకాయ సర్దుకునేటప్పుడే ఆ పేజీ కూడా చించి పెట్టుకుంటారు. స్టాంటన్‌లో కుర్చీ ఎలా బుక్ చేసుకోవాలో, లైబ్రరీ బ్యాగు ఎలా అడగాలో నేను తెలుగులో వివరంగా రాసి పంపుతాను. నాన్న మళ్లీ జూన్‌లో వస్తున్నారు, ఆయన అనుభవం ఆయన మాటల్లోనే చెప్పించి రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అరోరా, కొలరాడో