వార్షిక నివేదిక 2024–25: విదేశీ గ్రాంట్ల దారిలో మన కాలేజీలు

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకందరికీ తెలుసు, అది మళ్లీ చెప్పను. ఈ ఏడాది మన శక్తిలో చాలా భాగం ఒక్క పనికే పెట్టాం. అది హైదరాబాద్ డిగ్రీ కాలేజీల చేత అంతర్జాతీయ విద్యా సహకార గ్రాంట్లకు దరఖాస్తు చేయించడం. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ పని చూసుకోవడానికి విడిగా ఆఫీసులున్నాయి. నారాయణగూడలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో రోజుకు నాలుగు క్లాసులు చెప్పే లెక్చరర్‌కు ఆ తోడు లేదు. ఆ తోడు మనమే కావాలని గత సమావేశంలో తీర్మానించాం. ఆ మాట నిలబెట్టుకున్నామని సంతోషంగా చెబుతున్నాను.

ధన్యవాదాలు ముందే చెప్పుకోవాలి. యూరప్ ప్రాజెక్టుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవాన్ని అడగ్గానే మనకు పంచిన విశ్రాంత ప్రొఫెసర్‌గారికి, విదేశీ విరాళాల చట్టం ఓపిగ్గా వివరించిన ఆడిటర్‌గారికి, సెలవు రోజుల్లో కూడా కంప్యూటర్ ల్యాబ్ తాళాలు ఇచ్చిన ఇద్దరు ప్రిన్సిపాళ్లకు, పోర్టల్‌లో ఫారాలు నింపడంలో రాత్రులు మనతో కూర్చున్న యువ సభ్యులకు, భోజనాల బాధ్యత మోసిన మహిళా విభాగానికి సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది డిసెంబర్‌లో బాగ్‌లింగంపల్లిలో జరిపిన రెండు రోజుల వర్క్‌షాప్. ఇందులో ఉపన్యాసాలు తగ్గించి, వచ్చినవాళ్ల చేత అక్కడే రాయించాం. యూరోపియన్ యూనియన్ నడిపే విద్యా సహకార కార్యక్రమం ఎరాస్మస్ ప్లస్‌లో ఉన్నత విద్యా సామర్థ్యాల పెంపు అనే పథకాన్ని తీసుకున్నాం. 2021 నుంచి 2027 వరకు నడిచే ఈ కార్యక్రమంలో మన దేశం ఆసియా విభాగంలో ఉంది. ఇందులో మూడు అంచెలున్నాయి. ఇలాంటి పనిలో అంతగా అనుభవం లేని సంస్థల కోసం పెట్టిన మొదటి అంచెలో ఒక్కో ప్రాజెక్టుకు 2 లక్షల నుంచి 4 లక్షల యూరోలు ఇస్తారు. మన కాలేజీలకు తగినది ఇదే. పైగా బృందంలో యూరప్ సంస్థల సంఖ్య మనలాంటి దేశాల సంస్థల సంఖ్యను మించకూడదు. అంటే వాళ్లకు మన అవసరం ఉంది. ఈ విషయం తెలిశాక వర్క్‌షాప్‌లో చాలామంది నిటారుగా కూర్చున్నారు.

వంద మార్కుల్లో అరవై వస్తేనే ప్రతిపాదన పరిశీలనలో నిలబడుతుంది. ప్రాజెక్టు ఎంత అవసరమన్నదానికి ముప్ఫై, పని ప్రణాళికకు ముప్ఫై, భాగస్వామ్యానికి ఇరవై, ఫలితం నిలబడటానికి ఇరవై. ఒక్కోదానిలో సగం మార్కులు తప్పనిసరి. మనవాళ్లు తడబడేది మొదటి ముప్ఫైలోనే. ఒక లెక్చరర్ 2020 జాతీయ విద్యా విధానం నుంచి రెండు పేరాలు ఎత్తి రాశారు. ప్రొఫెసర్‌గారు చదివి, "ఇది దేశంలో ఏ కాలేజీ అయినా రాయొచ్చమ్మా, ఇందులో మీ కాలేజీ ఎక్కడుంది?" అని అడిగారు. ఆమె మధ్యాహ్నం కూర్చుని మొత్తం తిరగరాశారు. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న నగరం ఇది. అలాంటి నగరంలో పర్యావరణ శాస్త్రం చదివే బీఎస్సీ విద్యార్థి ఒక్క చెరువు నీటినైనా తన చేత్తో పరీక్షించకుండా పట్టా తీసుకుంటున్నాడని, తన కాలేజీ ల్యాబ్‌లో ఏమున్నాయో ఏం లేవో పేర్లతో సహా రాశారు. హాల్లో చప్పట్లు మోగాయి. నగర జలవనరుల మీద కొత్త పాఠ్యాంశం, ల్యాబ్ శిక్షణ అనే మన ప్రతిపాదనకు పునాది ఆ ఒక్క పేజీయే.

మన నగరం నుంచి రెండు కాలేజీలు భాగస్వాములుగా ఉన్న ఆ ప్రతిపాదన ఫిబ్రవరిలో చేరింది. గడువు బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు, మనకు రాత్రి 9:30. ఆ రాత్రి టెన్షన్ తట్టుకున్నవాళ్లందరూ ఈ సభలోనే ఉన్నారు. ఫలితం రావలసి ఉంది.

రెండో ప్రతిపాదన చేరలేదు. ఆలోచనలో లోపం ఏమీ లేదు. యూరప్ భాగస్వామి మన సంస్థ తరఫున దరఖాస్తు పెట్టడానికి సంస్థాధిపతి సంతకంతో అధికార పత్రం కావాలి. ఒక్క పేజీ కాగితం. అది ఒక కార్యాలయంలో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూనే ఉంది. "పై నుంచి ఆదేశాలు రావాలి" అన్నారు. ఏ పై నుంచి అన్నది ఎవరూ చెప్పలేదు. క్రిస్మస్‌కు అక్కడివాళ్లు సెలవులో పోయారు, సంక్రాంతికి ఇక్కడివాళ్లు ఊళ్లకు పోయారు, గడువు దాటిపోయింది. ఆరునెలలు కష్టపడ్డ ఇద్దరు అధ్యాపకుల ముఖాలు చూస్తే నాకు మాట రాలేదు. సంబంధిత అధికారులకు మనవి: మిమ్మల్ని డబ్బు అడగలేదు, ఒక సంతకం అడిగాం.

అందుకే గట్టిగా చెబుతున్నాను. గ్రాంటు ప్రకటన వచ్చాక కాగితాలు వెతుక్కోవడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. ప్రతి కాలేజీ ఇప్పుడే యూరోపియన్ కమిషన్ పోర్టల్‌లో తొమ్మిది అంకెల సంస్థ గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. దానికి ఖర్చు లేదు. ట్రస్టులు నడిపే కాలేజీలు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి. చట్టం ద్వారా ఏర్పడి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ కింద ఉన్న సంస్థలకు మినహాయింపు ఉంది, మిగతావాళ్లకు లేదు. 2020 సవరణ తర్వాత ఈ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అలా వచ్చింది ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. "సంఘమే డబ్బు తెచ్చి కాలేజీలకు పంచొచ్చు కదా" అని అడిగిన సభ్యులకు ఇదే జవాబు. సంఘం సాయం చేయగలదు, డబ్బు కాలేజీకే రావాలి.

ఇంకో మాట. గ్రాంటు మొత్తాన్ని పని విభాగాలవారీగా ముందే నిర్ణయిస్తారు. ఒక విభాగం పని పూర్తి కాకపోతే ఆ మేరకు డబ్బు రాదు. గ్రాంటు ఇచ్చే యూరప్‌వాళ్లు బిల్లులు అడగకపోయినా మన ఆడిటర్లు అడుగుతారు, కాబట్టి ప్రతి రసీదూ దాచాలి.

చాలామంది పిల్లల స్కాలర్‌షిప్‌ల కోసం ఫోన్ చేస్తున్నారు. ఎరాస్మస్ ముండస్, ఫుల్‌బ్రైట్-నెహ్రూ లాంటివి వ్యక్తులకు ఇచ్చేవి. వాటి సమాచారం సంతోషంగా ఇస్తాం, కానీ అవి ఈ పని కిందికి రావు. అలాగే విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఇచ్చే ఉమ్మడి డిగ్రీలు, కొంత ఇక్కడ కొంత అక్కడ చదివే ట్విన్నింగ్ కోర్సుల గురించి అడిగే యాజమాన్యాలు 2022 నాటి యూజీసీ నిబంధనలు ముందు చదవాలి. విద్యాసంస్థల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరో, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల జాబితాలో తొలి వందలో స్థానమో, కేంద్రం గుర్తించిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదానో లేకుండా ఆ దారి కష్టం.

వాలంటీర్ల సంగతి చెప్పక తప్పదు. గత సమావేశంలో చేతులెత్తి పేర్లు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది పని మొదలయ్యాక కనిపించలేదు. వాట్సాప్ గ్రూపులో అభినందనలు ధారాళంగా వచ్చాయి. అనువాదానికి, బడ్జెట్ పట్టికలకు, ఫోన్లు చేయడానికి మాత్రం అవే నాలుగు ముఖాలు. ఆ నలుగురూ ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఈ భారం మోశారు. వాళ్ల ఆరోగ్యం పాడైతే ఈ పని ఆగిపోతుంది. సమయం లేకపోతే పేరు ఇవ్వకండి. ఇస్తే మాత్రం రండి.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో ఈ నివేదికకు జతచేశాం. సభ్యత్వ రుసుములు, ఇద్దరు శ్రేయోభిలాషుల విరాళాలు ఆదాయం. ఖర్చు ప్రధానంగా వర్క్‌షాప్‌కే అయింది. అప్పులు లేవు. కోశాధికారిగారు మీ ప్రశ్నలకు జవాబిస్తారు.

కొత్త సంవత్సరానికి కార్యవర్గం రెండు తీర్మానాలు మీ ఆమోదానికి పెడుతోంది. మొదటిది, సభ్య కాలేజీలన్నీ దసరాలోపు గుర్తింపు సంఖ్య, రిజిస్ట్రేషన్ వివరాలు, అధికార పత్రం నమూనా సిద్ధం చేసి ప్రతులు సంఘానికి ఇవ్వడం. రెండోది, సంతకాల విషయంలో స్పష్టమైన గడువు పెట్టాలని ఉన్నత విద్యా అధికారులకు సంఘం తరఫున వినతిపత్రం ఇవ్వడం. వినతిపత్రం ముసాయిదా వేదిక పక్కన టేబుల్ మీద ఉంది. మార్పులుంటే ఈ రోజే రాసి ఇవ్వండి. ప్రతిపాదనల బృందంలో చేరదలచినవారు వారంలో ఏ రోజు, ఏ సమయం కేటాయించగలరో కూడా అక్కడి రిజిస్టర్‌లో రాయాలి.

ఇట్లు,
కార్యదర్శి