పక్క మంచం పిన్నిగారికి

నాన్నని నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. ఇన్నాళ్లూ ఫోన్లు చేసినవాళ్లకి సరిగ్గా జవాబివ్వలేదు, ఏమీ అనుకోకండి. ఇప్పుడు ఆయనకి కాస్త నిద్ర పట్టింది. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

23 రోజులు. పక్షవాతం. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఏమడిగినా "పద పద" అంటారు. మంచినీళ్లకీ అదే, నొప్పికీ అదే. ముక్కులో గొట్టం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. అమ్మ, తమ్ముడు, మా ఆయన వంతులేసుకున్నారు, డబ్బూ సర్దారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది. రాత్రిళ్లు మాత్రం నేనే.

పక్క మంచం పిన్నిగారిది పల్నాడు వైపు ఊరు. వాళ్లాయనకి పక్షవాతం రావడం రెండోసారి. నాన్నని లేపాలని నేను కుడి రెక్క పట్టుకుని లాగుతుంటే పరుగున వచ్చి నా చేతిమీద ఒక్కటేసింది. "పడిపోయిన రెక్క లాగితే బుజం జారిద్దమ్మా" అని, నడుం కింద చెయ్యేసి ఎలా లేపాలో చూపించింది.

పదకొండో రోజు మధ్యాహ్నం, "తల దువ్వుకుని ఎన్నాళ్లయింది?" అంది. అన్ని రోజుల్లో నా గురించి నన్నడిగిన మొదటి మాట అది. లెక్క చెప్పలేకపోయాను. మంచాల మధ్య నేలమీద కూర్చోబెట్టింది. కొబ్బరినూనె రాసి, కొసల దగ్గర్నుంచి చిక్కు తీసుకుంటూ వచ్చింది. స్కానింగ్ చూపించినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె దువ్వెన ఆపలేదు, ఏడవొద్దనీ అనలేదు. "ఈ పక్క గట్టిగా ఉంది, కాస్త తల వంచు" అంది. బిగించి జడేసింది. రెండు రోజులు ఆ జడ విప్పలేదు నేను.

పేరు అడగలేదు. వాళ్లు ఇంటికెళ్లిన పొద్దున నేను మందుల క్యూలో ఉన్నాను. వాళ్లబ్బాయి ఫోన్‌లో ఇది కనబడితే బాగుండు.

ఒక మాట కోపంగానే రాస్తున్నా. మొదట తీసుకెళ్లిన చోట సెలైన్ పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలని రెండోచోటికి వెళ్లాకే తెలిసింది. అప్పటికే ఏడు గంటలకి పైగా గడిచిపోయాయి. ఇక డిశ్చార్జి కాగితంలో "ఫిజియోథెరపీ కొనసాగించాలి" అని ఒక్క లైను. ఎక్కడ, ఎన్నాళ్లు, ఎవరి డబ్బుతో? ఉచిత వైద్యం కార్డు పనిచేసేది ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లేనట. ఇంటికొచ్చి చేసేవాళ్లకి రోజుకి 500. మనిషిని మళ్లీ నిలబెట్టే పనంతా ఇంట్లో ఆడవాళ్ల నడుం మీద పెట్టి పంపించేశారు.

అయ్యో, గొట్టంలోంచి పాలు ఎలా పొయ్యాలో డ్యూటీ అయిపోయాక కూడా నిలబడి నేర్పిన నర్సమ్మ! స్ట్రెచర్ తోసిన అబ్బాయి, టీకి డబ్బులిస్తే వద్దన్నాడు. మొదటిరోజు ఆటో అతను కూడా. రోజూ క్యారియర్ పంపిన మూడో అంతస్తు ఆంటీ, మీ స్టీలు గిన్నె మూత మా దగ్గరే ఉండిపోయింది, ఆదివారం తెచ్చిస్తాను.