కంటి చీటీ మీద 'అర్జెంట్' గడి పెట్టించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఓపీలో పనిచేసే వైద్యురాలిని. బీపీ దెబ్బ గుండెకీ కిడ్నీకీ తగులుతుందని అందరికీ తెలుసు. కంటికీ తగులుతుందన్నది మాత్రం చూపు పోయాకే గుర్తొస్తోంది.

ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే రెటీనా ధమని గోడ ఒకచోట బలహీనపడి ఉబ్బుతుంది. దీన్ని మాక్రోఅన్యూరిజం అంటాం. 1973లో రాబర్ట్‌సన్ అనే కంటి డాక్టరు ఈ పేరుతో వర్ణించిన జబ్బే, కొత్తదేం కాదు. షుగర్ ఉన్నవాళ్ల కేశనాళికల్లో కనిపించే మైక్రోఅన్యూరిజంలు వేరు. ఇది ఎక్కువగా 60 దాటిన ఆడవాళ్లలో చూస్తాం.

అందరికీ లేజర్ కావాలని అడగడం లేదు. చాలా ఉబ్బులు వాటంతటవే గడ్డకట్టి మూసుకుపోతాయి. మాక్యులా (రెటీనా నడుమ సూటి చూపునిచ్చే చోటు) బాగుంటే బీపీ అదుపులో పెట్టి, ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీస్తూ గమనిస్తే చాలు. ద్రవం కారి మాక్యులా ఉబ్బితే కంట్లోకి ఆ కారడాన్ని తగ్గించే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్ ఇస్తాం, లేదా లేజర్ చేస్తాం. నేరుగా ధమని మీద కొట్టే లేజర్‌తో ఆ ధమనే మూసుకుపోయే ప్రమాదం ఉంది, కాబట్టి తొందరపడం.

తొందరపడాల్సింది ఉబ్బు పగిలినప్పుడు. రక్తం రెటీనా ముందూ, లోపలా, వెనకా చేరుతుంది. ముందు చేరినదాన్ని కొందరిలో యాగ్ లేజర్‌తో పొరకు చిల్లు పెట్టి విట్రియస్ (కంటి లోపలి జెల్లీ)లోకి దించొచ్చు. మాక్యులా కింద చేరితే మాత్రం అందులోని ఇనుము, గడ్డలోని పీచులాంటి ఫైబ్రిన్ చూపు కణాలను రోజుల్లోనే దెబ్బతీస్తాయి. గడ్డను కరిగించే టీపీఏ మందు, కంట్లోకి ఎక్కించే గ్యాస్‌తో ఆ రక్తాన్ని పక్కకు జరపాలన్నా అది పాతబడకముందే జరపాలి. పైగా రక్తం ఉబ్బును కప్పేస్తుంది. వయసుతో వచ్చే మాక్యులా జబ్బేమో అని పొరబడటం మాకు కొత్త కాదు.

ఇలాంటి రోగిని మా దగ్గరికి పంపేటప్పుడు చేతికిచ్చే చీటీ చూడండి. 'చూపు మసక, కంటి విభాగానికి' అని ఒక్క లైను. ఎప్పటి నుంచో లేదు, ఎప్పటిలోగా చూపించాలో లేదు, బీపీ గడి ఖాళీ. దాంతో ఆమె శుక్లాల ఆపరేషన్ వాళ్ల వెనక వరసలో కూర్చుంటుంది. ఆ వరస కదిలేసరికి మేం చేయగలిగింది తగ్గిపోతుంది.

ఉన్నట్టుండి చూపు తగ్గితే అదే రోజు, మరీ కాకపోతే మర్నాడు రెటీనా డాక్టరు చూడాలని ఉత్తర్వు ఇవ్వండి. చీటీ మీద దానికో 'అర్జెంట్' గడి ఉండాలి. ప్రతి కంటి ఓపీలో బీపీ చూడటం తప్పనిసరి చేయండి. మళ్లీ రమ్మన్న రోజు రాని రోగికి ఫోన్ చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. 'నెలాగి రండి' అంటే చాలామంది 'ఏం ఫర్లేదు' అనుకుని వెళ్లిపోతున్నారు.

వీటికి పెద్ద యంత్రాలేమీ కొనక్కర్లేదు. బీపీ క్లినిక్కుల్లో రెటీనా ఫోటో కెమెరాల సంగతి బడ్జెట్ సమయంలో మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక రెటీనా వైద్యురాలు