మూడో దారికి చట్టం అనుమతి: మీ మాట కావాలి

అందరికీ నమస్కారం. ఖననం, దహనం కాక వేరే దారి లేదా అని గ్రూప్‌లో అడిగారు కదా, కాస్త వివరంగా రాస్తున్నాను.

దారులున్నాయి. చాలాచోట్ల చట్టం ఒప్పుకోవడమే మిగిలింది. అమెరికాలో అందరికంటే ముందు వాషింగ్టన్ రాష్ట్రం 2019లో దేహాన్ని మట్టిగా మార్చే పద్ధతికి అనుమతినిచ్చింది. చెక్క పొట్టు, గడ్డి మధ్య దేహాన్ని మూసిన పాత్రలో ఉంచి, గాలి ఆడేలా చూస్తారు. సూక్ష్మజీవులు చేసే పనికే లోపలి వేడి 55 డిగ్రీలు దాటుతుంది. రోగక్రిములు చాలావరకు ఆ వేడికే చస్తాయి. కొన్ని వారాలకు మట్టి తయారవుతుంది, కుటుంబం దాన్ని చెట్లకు వేసుకోవచ్చు. ప్రియాన్లు అనే, ఆకారం చెడిన ప్రొటీన్ల వల్ల మెదడుకు వచ్చే వ్యాధులతో పోయినవారికి మాత్రం ఇది కుదరదు, ఆ వేడికి ప్రియాన్లు నశించవు.

రెండోది నీటితో. వేడినీళ్లు, పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారం కలిసి కండను కరిగిస్తాయి. మిగిలిన ఎముకలను ఆరబెట్టి, పొడిచేసి అస్థికల్లాగే ఇస్తారు. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ కోరిక మేరకు ఆయనకు ఇలాగే చేశారు. మిగిలిన ద్రవం సాధారణంగా మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. ఈ మాట వినగానే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ న్యాయమైనదే. అందుకే ఆ ద్రవాన్ని ఏం చేయాలో కుటుంబాన్ని అడగాలని చట్టంలోనే రాయాలంటాను.

ఎవరి మీదా రుద్దకూడదు, కోరుకున్నవాళ్లను ఆపకూడదు. ముందే రాసిచ్చిన సమ్మతి, కేంద్రాలకు లైసెన్సు, మట్టికి పరీక్ష, ఈ మూడూ తప్పనిసరి చేయమని వినతిపత్రం తయారవుతోంది. మద్దతు ఉన్నా, అభ్యంతరం ఉన్నా ఆదివారంలోగా ఇక్కడే రాయండి. మతపరమైన సందేహాలుంటే మొహమాటపడకండి, వాటిని కూడా చేరుస్తాను.