జీతం లేని కొలువుకు నన్ను పంపిన మా దేవరకొండ వాళ్లకు

అందరికీ నమస్తే. నేను బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చి మూడు వారాలు దాటింది. ఇల్లిల్లూ తిరిగి కృతజ్ఞతలు చెప్పాలనే బయలుదేరాను. కానీ నాలుగిళ్లలో చాయ్ తాగేసరికే పొద్దుగూకింది. మిగతావాళ్లలో సగం మంది హైదరాబాద్‌లో, ఇద్దరు భీవండిలో ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే ఉంటుంది, ఏమనుకోవద్దు.

ముందు ఒక ముచ్చట తేల్చుకుందాం. వచ్చిన దగ్గర్నుంచి ఎవరు ఎదురుపడ్డా అడిగేది ఒక్కటే, "ఏం పిల్లా, ఎంత సంపాదించినవ్?" అని. ఏమీ సంపాదించలేదు. నేను పోయింది బాలా అనే చిన్న ఊరి దగ్గరున్న ఒక క్రైస్తవ సెంటర్‌కు, వాలంటీరుగా. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి రెండు మూడు రోజులుంటారు. వాళ్లతో బండలెక్కించడం, తాడు మీద కిందికి దించడం, చెరువులో పడవ నడిపించడం, విల్లు పట్టుకోవడం నేర్పడం నా పని. తిండి, బస వాళ్లే చూసుకుంటారు. జీతం తీసుకోకూడదు, నాకిచ్చిన వీసా షరతే అది. ఆ వీసా మీద ఎక్కువలో ఎక్కువ 12 నెలలు ఉండొచ్చు. ఇవన్నీ తెలిసే మీరు పైసలిచ్చారు. తెలియక ఇచ్చినవాళ్లు కూడా ఒకరిద్దరు ఉన్నారనుకోండి. వాళ్లకు మాత్రం ఇంటికొచ్చి విడిగా చెబుతాను.

ఇదంతా మొదలైంది భువనగిరి గుట్ట మీద. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు నేను ఎనిమిదిలోకి పోవాలి. ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. ఇద్దరూ మాలాగే గురుకులం పిల్లలు, ఇద్దరూ తాడు పట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరిలోనే. భువనగిరి అప్పటికి మన నల్లగొండ జిల్లాలోనే ఉంది, 2016లో కదా విడిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు మా పీఈటీ మేడం ఐదుగురిని అక్కడికి క్యాంపుకు తీసుకుపోయింది. ఐదో పేరు నాది కాదు, ఇంకో అమ్మాయిది. ఆ అమ్మాయికి జ్వరమొస్తే నన్ను ఎక్కించుకున్నారు. మేడం, మీకు ఈ సంగతి గుర్తుందో లేదో.

అక్కడ నేర్పిన అన్నకు కూడా ఇక్కడే చెప్పాలి. మొదటిరోజు నేను బండ మధ్యలో ఆగిపోయాను. కాళ్లు కుట్టుమిషన్ లెక్క వణుకుతున్నాయి. కిందున్న పిల్లలు "ఎక్కు ఎక్కు" అని అరుస్తుంటే అన్న వాళ్ల నోరు మూయించి, "ఊపిరి పీల్చుకో. తాడు నా చేతిలో ఉంది. ఎక్కుతవా, దిగుతవా? ఏదైనా సరే" అన్నాడు. దిగాను. మర్నాడు ఎక్కాను.

వీసా కథ చాలామందికి సగమే తెలుసు. మొదటిసారి రిజెక్ట్ అయింది. చేతిలో డబ్బు ఉన్నట్టు చూపించాలి, 1,270 పౌండ్లు. అది వరుసగా 28 రోజులు అకౌంట్లో కదలకుండా ఉండాలి. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ఆయన "పది రోజులు ముందు వేస్తే చాలమ్మా, ఎవరు చూస్తరు" అన్నాడు. చూశారు. నాయన మేకలమ్మిన పైసల్లో సగం ఆయన ఫీజుకు, వీసా ఫీజుకు పోయింది. వాళ్ల ప్రభుత్వాసుపత్రుల కోసమని ముందే కట్టించుకునే సర్‌చార్జీ, ఏడాదికి 1,035 పౌండ్లు, మాత్రం తిరిగొచ్చింది. వీసా ఫీజు రాదు. ఇటువైపు ఎవరైనా పోయే ఆలోచనలో ఉంటే ఒక్కమాట: రూల్స్ అన్నీ వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. ఇంగ్లిష్ కష్టమైతే నా దగ్గరికి రండి, కూర్చుని చదువుదాం. ఫీజు ఒక చాయ్.

రిజెక్ట్ అయిన రోజు నేను ఇంట్లో చెప్పలేదు. కిరాణా కొట్టు అన్నకు చెప్పాను, ఎందుకో తెలియదు, ఉప్పు కొనడానికి పోయి. ఆయన అప్పుడు మాలలో ఉన్నాడు. రాత్రికల్లా ఆ కొట్టు ముందు బెంచీ మీద మీటింగ్ పెట్టించాడు. చర్చి అయ్యగారు వచ్చారు, మహిళా సంఘం అక్కలు వచ్చారు, టైలర్ చాచా వచ్చాడు, బత్తాయి తోట పెద్దనాయన వచ్చాడు. అప్పుకాదు, ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చేయాలని అక్కడే అనుకున్నారు. "జీతం లేని కొలువుకు లక్షలు పెట్టి పోతవా?" అని పెద్దనాయన గట్టిగానే అడిగాడు. జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. "సరే తియ్, నేను బత్తాయి వేసిన కాడినుంచి ఎప్పుడు జీతం తీసుకున్న?" అని తనే నవ్వి, అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే.

పదకొండు మంది కలిసి 96,500 ఇచ్చారు. పన్నెండోది ఒక కవరు, దాని గురించి చివర్లో చెబుతాను. మిగిలింది మేకల పైసల్లోంచి కలిపాం. సర్‌చార్జీకి, తిరిగొచ్చిన దాన్నే మళ్లీ కట్టాను.

బ్యాంకులో కౌంటర్ మీద కూర్చునే అక్క లేకపోతే రెండోసారి కూడా తప్పేదే. నేను లెక్కగట్టి సరిగ్గా అంతే వేయబోతే ఆపింది. పౌండు రేటు దరఖాస్తు పెట్టిన రోజుది చూస్తారు, ఈలోపు రూపాయి పడిపోతే తక్కువైతది, పైగా ఏదో ఇన్సూరెన్స్ కట్ అయితది అని, ఇంకో పదివేలు ఎక్కువ ఉంచమంది. అన్నట్టే 19వ రోజున 436 రూపాయలు కట్ అయ్యాయి. మెసేజ్ చూడగానే గుండె జారింది. పదివేలు ఎక్కువ ఉన్న సంగతి గుర్తొచ్చాక గానీ నీళ్లు తాగలేదు. ఆ 28 రోజులు ఇంట్లో ఎవరూ నా ఏటీఎం కార్డు ముట్టుకోలేదు. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

వేల్స్ సెంటర్ వాళ్లకు ఇది అర్థం కాదు గానీ, వాళ్లకూ కృతజ్ఞతలు. వీసాకు పెట్టడానికి నన్ను పిలుస్తున్నామని వాళ్లిచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు. వాళ్లు విసుక్కోకుండా రెండోది ఇచ్చారు.

చాచా కుట్టిచ్చిన జర్కిన్ గురించి నిజం చెప్పాలి. లోపల దూది, బయట గుడ్డ, జిప్పు బాగుంది. బస్టాండులో వేసుకుంటే హీరోయిన్ లెక్క ఉన్నానని తమ్ముడన్నాడు. అక్కడి వానకు మాత్రం పావుగంట ఆగలేదు. అది మన వాన కాదు చాచా, పడినట్టే ఉండదు, కానీ తడిసిపోతాం. బయటికి సెంటర్ వాళ్ల వానకోటు వేసుకుని, మీ జర్కిన్ రాత్రిళ్లు రూములో వేసుకునేదాన్ని. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి, లెక్కేస్తే ఎక్కువసేపు ఒంటి మీద ఉన్నది మీదే.

మొదటి వారమంతా మాకే ట్రైనింగ్. నాకు తెలిసిన ముడులు తెలిసినట్టే ఉన్నాయి, కానీ వాళ్ల రాతపని చూసి టెన్షన్ వచ్చింది. ప్రతి తాడుకూ నంబరు, కొన్న తేదీ, ఎన్నిసార్లు వాడాం, ఎవరు పరీక్షించారు, అన్నీ రాయాలి. తాడు తగిలించడానికి నడుముకు కట్టుకునే హార్నెస్ బకిల్ ఒకరు పెట్టాక ఇంకొకరు లాగి చూడాలి. ఇదంతా ఎందుకని అడిగితే పెద్ద ఇన్‌స్ట్రక్టర్ లైమ్ బే గురించి చెప్పాడు. 1993 మార్చిలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బడిపిల్లలను కయాక్‌లనే చిన్న పడవల్లో సముద్రం మీదికి తీసుకుపోతే నలుగురు చనిపోయారు. ఆ తర్వాత 1995లో చట్టం తెచ్చి, డబ్బు తీసుకుని పిల్లలను ఇలాంటి వాటికి తీసుకుపోయే సెంటర్లకు లైసెన్సు తప్పనిసరి చేశారు. మన దగ్గర కృష్ణలో దిగి పోయిన పిల్లల వార్త పేపర్లో చూసి "అయ్యో" అని పేజీ తిప్పేస్తాం. ఆ రోజు నుంచి నేను రిజిస్టర్ రాయడానికి బద్ధకించలేదు.

మార్చిలో ఒక పిల్లాడు వచ్చాడు, పదేళ్లుంటాయి, బక్కపలచటివాడు. బండ మీద సరిగ్గా సగంలో ఆగిపోయాడు. చెంప బండకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కింద పిల్లలు అరవడం మొదలుపెట్టారు. నాకు భువనగిరి కళ్లముందు తిరిగింది. వాళ్లను ఆపి, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో మా అన్న చెప్పిన మాటలే చెప్పాను, తాడు నా చేతిలో ఉంది, ఎక్కినా సరే దిగినా సరే అని. వాడు కళ్లు తెరిచి, చాలాసేపు ఆలోచించి, "ఇక్కడే కాసేపు ఉండొచ్చా?" అన్నాడు. ఈ మూడోదారి మా అన్నకు కూడా తట్టలేదు. ఉండమన్నాను. నాలుగు నిమిషాలో ఐదో ఉన్నాడు, చెరువును చూశాడు, దిగి వచ్చాడు. వాళ్ల టీచర్‌తో "నేను ఎక్కడి దాకా పోయానో చూశారా" అని చెబుతుంటే విన్నాను. అన్నా, నీకు ఫోన్ చేసి చెప్పాలనుకున్నది ఇదే. అప్పుడు మనకు అర్ధరాత్రి, అందుకని చేయలేదు.

ఆ చెరువు పేరు తెగిడ్. మనుషులు కట్టనివాటిలో వేల్స్ మొత్తానికి పెద్దది అదేనట. దాని గట్టున ఉన్న చర్చిలో మేరీ జోన్స్ అనే అమ్మాయి కథ చూపిస్తారు. 1800లో, పదిహేనేళ్ల వయసులో, తన భాషలో బైబిల్ కొనుక్కోవడానికి ఆరేళ్లు పైసలు కూడబెట్టి, దాదాపు 40 కిలోమీటర్లు కాలినడకన బాలాకు వచ్చిందట. చెప్పుల్లేకుండా. అందరూ అబ్బురంగా వింటుంటే నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది. క్రిస్మస్‌కు దేవరకొండ మిషన్ కాంపౌండుకు ఊరి నుంచి పిల్లలను చంకనేసుకుని నడిచి వచ్చేది. ఎన్ని కిలోమీటర్లో ఎవరూ కొలవలేదు. అయ్యగారూ, ఈ ముచ్చట మొన్న ఆదివారం సాక్ష్యంలో చెబుదామనుకుని ఏడుపొచ్చి కూర్చున్నాను. అందుకే ఇక్కడ రాసేశాను.

అమ్మకు మాత్రం ఒక్కటే అసంతృప్తి. ఒకరోజు వీడియో కాల్‌లో నేను వెట్‌సూట్లు కడుగుతూ కనిపించాను. చల్లటి చెరువులో దిగేటప్పుడు పిల్లలేసుకునే రబ్బరు బట్టలవి. విడిచాక ఒక్కొక్కటీ తిరగేసి కడిగి ఆరేయాలి. రోజుకు ముప్ఫై ఉంటాయి, వాసన గురించి చెప్పను. "అంత దూరం పోయి మంది బట్టలు ఉతుకుతున్నవా?" అని ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, వాటిని నీడన ఆరేస్తున్నవా, ఎండలోనా అని అడిగింది.

ఇక లెక్క. టికెట్టు, బూట్లు, దారిఖర్చు పోగా మీరిచ్చిన దాంట్లో 21,300 మిగిలింది. సంఘం లీడర్ అక్క దగ్గర ఉంచాను, బుక్కులో రాయించాను. నాకు తోచింది ఒకటుంది. రెండు తాళ్లు, ఎనిమిది హెల్మెట్లు కొని, భువనగిరి అన్నను పిలిపించి, ఇక్కడి బడిపిల్లలకు నెలకో ఆదివారం మధ్యాహ్నం నేర్పిద్దామని. ఆ డబ్బుకు ఎన్ని వస్తాయో కనుక్కోవాలి. పర్మిషన్లు, ఎక్కడ చేయాలన్నది కూర్చుని మాట్లాడుకుందాం. వద్దు, పైసలు వెనక్కిమ్మంటే ఎవరి వాటా వాళ్లకు ఇచ్చేస్తాను, మొహమాటం లేదు.

చివరికి ఆ కవరు. నేను బస్సెక్కేముందు ఎవరో అమ్మ చేతిలో ఒక సంచి పెట్టి పోయారు. అందులో ఐదువందల నోటు ఉన్న కవరు, స్టీలు డబ్బాలో కారప్పొడి. హడావుడిలో అమ్మ ఎవరో చూసుకోలేదు. ఆ పొడి నాకు ఫిబ్రవరి దాకా వచ్చింది. ఉడకబెట్టిన ఆలుగడ్డల మీద చల్లుకుని ఒక జర్మనీ అమ్మాయి కూడా తిన్నది. డబ్బా అడుగున "కె.ల." అని, కింద 1998 అని కొట్టించి ఉంది. పెళ్లి సామాను అనుకుంటా. కె.ల. అని ఊళ్లో నాకు తెలిసి ముగ్గురున్నారు, ముగ్గురూ మాది కాదంటున్నారు. దయచేసి ఎవరిదో చెప్పండి. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని అమ్మ దాని నిండా మురుకులు పోసి పెట్టింది. ఈ ఆదివారం లోపు రండి. ఆ తర్వాత మా తమ్ముడు ఉంచడు.