నలుగురు యువకుల ఆసరా నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, కాలనీవాసులకు నమస్కారం. పద్దెనిమిదేళ్లు నిండి బాలల సంరక్షణ కేంద్రం నుంచి బయటికి వచ్చిన నలుగురు కుర్రాళ్లు తమ కాళ్ల మీద నిలబడేవరకు తోడుగా ఉండాలని కాలనీ సంఘం, మహిళా పొదుపు సంఘం, బజారు వర్తకులు కలిసి సమకూర్చిన నిధికి 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు లెక్క ఇది.

జమ: పాత నిల్వ రూ. 12,400, చందాలు రూ. 1,06,500, కాలనీ సంఘం రూ. 25,000, పాత పేపర్ల అమ్మకం రూ. 3,850. మొత్తం రూ. 1,47,750. ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. సభలో చెయ్యెత్తి మాట ఇచ్చిన తొమ్మిదిమంది నుంచి రూ. 31,000 ఇంకా రావలసి ఉంది. పేర్లు రాయడం మర్యాద కాదు కనుక రాయడం లేదు.

ఖర్చు: ఐటీఐ ఫీజు, యూనిఫాం, పనిముట్లు రూ. 14,800. బస్ పాసులు రూ. 5,400. ఆధార్ సవరణ, నోటరీ రూ. 1,940. పరుపులు, వంట సామాను రూ. 17,260. ఇందులో కుక్కరు కొన్న రూ. 1,350కి రసీదు పోయిందని ఒప్పుకుంటున్నాము. అన్ని గిన్నెలెందుకని అడిగినవారికి ఒక్క మాట: గదిలో దిగిన మొదటి రాత్రి మా సభ్యుడు వెళ్లేసరికి తొమ్మిదైనా పొయ్యి వెలిగించకుండా నలుగురూ గోడకానుకుని కూర్చుని ఉన్నారు, గంట కొడితే భోజనానికి లేవడమే అప్పటిదాకా వారి అలవాటు.

గది అద్దె, నెలకు రూ. 6,000 చొప్పున పది నెలలకు రూ. 60,000. అడ్వాన్సు రూ. 30,000, ఖాళీ చేసినప్పుడు ఇది తిరిగి వస్తుంది.

జూన్, జూలై నెలల్లో తాళం వేసి ఉన్న గదికి రూ. 12,000 కట్టారన్నదే అసలు ఆరోపణ. కట్టిన మాట నిజమే. 2015 నాటి బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లకు సంరక్షణ కేంద్రం విడిచేవారికి ఆర్థిక సహాయం ఇవ్వవచ్చు. బాలల సంరక్షణకు ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద అది నెలకు రూ. 4,000. అయితే ఇద్దరి ఆధార్‌లో పుట్టిన తేదీ సంరక్షణ కేంద్రం రికార్డుతో కలవకపోవడంతో బ్యాంకు ఖాతాలు, ఆ వెనుక ఈ సహాయపు ఉత్తర్వులు ఆగిపోయి, జూన్‌లో రావలసిన పిల్లలు ఆగస్టు ఒకటిన గాని రాలేదు. ఆ కాగితాలు ఏప్రిల్‌లోనే సరిచూసుకోకపోవడం మా పొరపాటు. అయినా గది వదులుకోకపోవడం పొరపాటు కాదని ఇప్పటికీ అంటాము. తల్లిదండ్రులు లేని కుర్రాళ్లని తెలియగానే పదకొండు ఇళ్లవారు కాదన్నారు, వారిలో మన కాలనీవారూ ఉన్నారు. పన్నెండో ఇంటాయన మా సమితి పూచీ మీద, ఐదు నెలల అడ్వాన్సు తీసుకుని ఒప్పుకున్నాడు.

ప్రభుత్వ సొమ్ము వస్తుండగా అద్దె మనమెందుకు కట్టాలని మరికొందరు అడిగారు. ఆ సొమ్ము నెలనెలా కాక రెండు మూడు నెలలకొకసారి కలిపి పడుతోంది, తిండికే సరిపోతోంది. 2025 ఏప్రిల్ నుంచి అద్దెలో సగం తామే భరిస్తామని కుర్రాళ్లు రాసిచ్చారు.

మొత్తం ఖర్చు రూ. 1,29,400. నిల్వ రూ. 18,350, బ్యాంకులో రూ. 17,100, చేతిలో రూ. 1,250. రసీదుల ఫైలు కమ్యూనిటీ హాలులో ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు ఎవరైనా చూడవచ్చు.

ఇట్లు,
సమితి కోశాధికారి, కార్యదర్శి